ఆఖరి గీత ఆరకముందే: చేతి రేడియో అమరికలు, బ్యాటరీ ఆరోగ్యం

(వార్డు స్వచ్ఛంద సేవకుల తుపాను సన్నద్ధత శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బరంపురం వాసులకు ఆశ్వయుజ మాసం రెండు కారణాల వల్ల గుర్తుంటుంది. ఒకటి దసరా, రెండవది తుపాను. 1999 అక్టోబరు 17, 18 తేదీల నడుమ గోపాల్‌పూర్ సమీపాన తీరం దాటిన తుపాను. 2013 అక్టోబరు 12న, సరిగ్గా దుర్గాష్టమి నాటి రాత్రి, అదే తీరాన్ని తాకిన ఫైలిన్. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఛిన్నాభిన్నం చేసిన హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న పలాస వద్ద తీరం దాటి అటు శ్రీకాకుళాన్నీ ఇటు గంజాం, గజపతి జిల్లాలనూ అతలాకుతలం చేసిన తిత్లీ. ఈ నాలుగూ ఆశ్వయుజంలోనే వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం మద్రాసు నుంచి విడివడింది. సరిహద్దు గీత అటూ ఇటూ జరిగినా, గాలివానకు ఆ గీత ఏనాడూ అడ్డు రాలేదు.

తుపాను వచ్చినప్పుడు సౌకర్యాలన్నీ ఒకేసారి పోవు. ఒక వరుసలో పోతాయి. మొదట కరెంటు పోతుంది. కొన్ని గంటలకు సెల్‌ఫోన్ టవర్ల దగ్గరి బ్యాటరీలు ఖాళీ అవుతాయి, జనరేటర్లకు డీజిల్ అందదు, ఫోన్లు మూగబోతాయి. కొన్ని టవర్లు గాలికే వాలిపోతాయి. ఆ తరువాత మిగిలేది మనిషి చేతిలోని వాకీ-టాకీ ఒక్కటే. అది ఏ టవరునూ ఆశ్రయించదు. ఒక చేతి నుంచి మరొక చేతికి నేరుగా మాటను మోస్తుంది. అయితే అది కూడా ఒక బ్యాటరీ మీద ఆధారపడినదే. ఈనాటి ప్రసంగ విషయం ఆ బ్యాటరీ, దానిని పొదుపుగా వాడుకోవడానికి రేడియోలో చేయవలసిన అమరికలు.

ఒక దృశ్యాన్ని ఊహించవచ్చు. తుపాను రాత్రి 11 గంటలు. ఒక వార్డు పాఠశాలలో 200 మంది తలదాచుకున్నారు. వారిలో ఒక నిండు చూలాలికి నొప్పులు మొదలయ్యాయి. అక్కడి స్వచ్ఛంద సేవకుడి చేతిలోని రేడియో తెరపై మూడు గీతలు నిండుగా ఉన్నాయి. కంట్రోల్ రూమును పిలవడానికి అతడు బటన్ నొక్కుతాడు. ఎర్ర దీపం ఒక్క క్షణం వెలుగుతుంది, చిన్న కూత వినబడుతుంది, తెర ఆరిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే మూడు గీతలూ మళ్లీ కనిపిస్తాయి. మళ్లీ నొక్కితే మళ్లీ ఆరిపోతుంది. సంచిలో మరొక బ్యాటరీ ఉంది; అది ఎప్పటిదో, చార్జింగ్ చేసినదో లేదో దాని మీద రాసి లేదు.

ఆ మూడు గీతలు అబద్ధం చెప్పాయా? చెప్పలేదు. అవి చెప్పినది ఒకటి, అతడు అర్థం చేసుకున్నది మరొకటి.

తెర మీది గీతలు సాధారణంగా బ్యాటరీ వోల్టేజీని చూపుతాయి, అందులో ఎంత విద్యుత్తు నిలవ ఉన్నదో చూపవు. దీనికి చెరువు చక్కని పోలిక. పూడిక తీయని చెరువు కూడా వాన కురిస్తే గట్టు అంచు దాకా నిండుతుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి నీటిమట్టం పాతికేళ్ల క్రితం ఉన్నట్టే కనిపిస్తుంది. అడుగున సగం మేర పూడిక ఉన్నదని ఆయకట్టు రైతుకు పంట మధ్యలో నీరు చాలనప్పుడే తెలుస్తుంది. బ్యాటరీ వోల్టేజీ ఆ నీటిమట్టం వంటిది. దాని సామర్థ్యం చెరువు లోతు వంటిది. నేటి చేతి రేడియోల్లో అధికభాగం రెండు లిథియం అయాన్ సెల్‌లను వరుసగా కలిపిన 7.4 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి. పూర్తిగా చార్జ్ అయినప్పుడు కొత్త బ్యాటరీ 8.4 వోల్టులు చూపుతుంది; నాలుగేళ్లు వాడిన బ్యాటరీ కూడా దాదాపు అంతే చూపుతుంది. గీతలు రెండింటికీ నిండుగానే ఉంటాయి.

రెండవ లోపం మరింత కీలకమైనది. బ్యాటరీ పాతబడిన కొద్దీ దాని అంతర్నిరోధం పెరుగుతుంది. వినడానికి రేడియోకు కావలసిన కరెంటు స్వల్పం. మాట్లాడేటప్పుడు కావలసినది అనేక రెట్లు ఎక్కువ. పూడిపోయిన తూము ద్వారా చెంబెడు నీరు వస్తుంది గాని, ఒక్కసారిగా మడి తడిపేంత నీరు రాదు. అలాగే పాత బ్యాటరీ వినేంతవరకు బాగానే పనిచేస్తుంది. బటన్ నొక్కిన క్షణాన వోల్టేజీ కుంగిపోతుంది, రేడియో తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. బటన్ వదలగానే వోల్టేజీ తేరుకుంటుంది, గీతలు తిరిగి వస్తాయి. ఆ రాత్రి పాఠశాలలో జరిగినది ఇదే.

కనుక బ్యాటరీ ఆరోగ్యం అంటే గీతల సంఖ్య కాదు. కొత్తగా ఉన్నప్పుడు అది ఎంత నిలవ చేసుకోగలిగిందో, నేడు ఎంత నిలవ చేసుకోగలుగుతున్నదో, ఆ రెండింటి నిష్పత్తే దాని ఆరోగ్యం. 1500 మిల్లీ ఆంపియర్ అవర్ అని ముద్రించిన బ్యాటరీ నేడు 1200 మాత్రమే ఇవ్వగలిగితే దాని ఆరోగ్యం 80 శాతం. అత్యవసర సేవకు వాడే బ్యాటరీని 80 శాతానికి దిగువన ఉంచకపోవడం ఈ రంగంలో విస్తృతంగా పాటించే నియమం. లిథియం అయాన్ బ్యాటరీ సామాన్యంగా 300 నుంచి 500 పూర్తి చార్జింగుల తరువాత ఈ హద్దుకు చేరుతుంది. ఎండలో, వేడి వాహనంలో పడి ఉంటే అంతకు ముందే చేరుతుంది.

ఈ నిష్పత్తిని కొలవడానికి బ్యాటరీ ఎనలైజర్ అనే యంత్రం ఉంటుంది. అది బ్యాటరీని పూర్తిగా నింపి, నిర్ణీత కరెంటుతో ఖాళీ చేసి, బయటికి వచ్చిన మొత్తాన్ని లెక్కిస్తుంది. కొన్ని డిజిటల్ రేడియోల్లో, అందుకు తగిన బ్యాటరీ అమర్చినట్లయితే, మెనూలోనే ఆరోగ్య శాతం కనిపిస్తుంది. ఈ రెండూ లేని వార్డు కార్యాలయంలో సైతం ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, ఒక కొత్త బ్యాటరీ ఉంటే పరీక్ష సాధ్యమే.

ఆ పరీక్ష విధానం ఇది. ముందుగా కొత్త బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి ఒక రేడియోకు అమర్చాలి. ఎవరూ వాడని వేళ చూసుకుని మానిటర్ సదుపాయాన్ని తెరిచి ఉంచితే రేడియో నుంచి ఎడతెగకుండా హోరు వినబడుతుంది. శబ్దం మీటను గుర్తు పెట్టుకున్న ఒకే స్థానంలో నిలిపి, బ్యాటరీ తక్కువగా ఉన్నదన్న హెచ్చరిక కూత వచ్చేదాకా పట్టిన సమయాన్ని రాసుకోవాలి. తరువాత అదే రేడియోకు, అదే శబ్ద స్థాయిలో, పాత బ్యాటరీని అమర్చి అదే విధంగా సమయం చూడాలి. కొత్తది 10 గంటలు, పాతది 7 గంటల 30 నిమిషాలు నిలిచినట్లయితే పాతదాని ఆరోగ్యం సుమారు 75 శాతం. అది శిక్షణ తరగతులకు పనికివస్తుంది; తుపాను రాత్రికి పనికిరాదు. ఈ పరీక్షలో ఎవరి చానెల్‌కూ ఆటంకం కలగదు, ఎందుకంటే రేడియో వింటుందే గాని ప్రసారం చేయదు. హెచ్చరిక రాగానే ఆపి చార్జింగుకు పెట్టాలి. లిథియం బ్యాటరీని పూర్తిగా పీల్చివేయడం దానికి హాని.

అయితే ఇది లోతును కొలిచే పరీక్ష మాత్రమే, తూమును కొలిచేది కాదు. తూము కోసం రెండవ పరీక్ష అవసరం. యాంటెనా బిగించి, అనుమతి గల చానెల్‌లో, మరెవరూ మాట్లాడటం లేదని నిర్ధారించుకుని, అధిక శక్తి స్థాయిలో సుమారు 10 సెకన్లు 'బ్యాటరీ పరీక్ష' అని ప్రకటిస్తూ బటన్ నొక్కి ఉంచాలి. అప్పుడు తెర మీది గీతలను గమనించాలి. బటన్ నొక్కగానే ఒకటి రెండు గీతలు పడిపోయి వదలగానే తిరిగి వచ్చినట్లయితే ఆ బ్యాటరీ లోపల బలహీనపడింది. రేడియో ఆరిపోతే దానికి ఆ రోజే విశ్రాంతి ఇవ్వాలి. మొదటి పరీక్షలో నెగ్గి రెండవదానిలో ఓడిన బ్యాటరీ కూడా ఓడినట్లే.

బ్యాటరీల పోషణ గురించి కొన్ని మాటలు. గోపాల్‌పూర్ తీరం నుంచి బరంపురం దాకా వీచే గాలిలో ఉప్పు ఉంటుంది. రాగి, ఇత్తడి పాత్రలకు చిలుము పట్టినట్టే చార్జర్ పలకలకూ, బ్యాటరీ మెరుపు బిళ్లలకూ పడుతుంది. చార్జర్ దీపం పచ్చగా మారకపోవడానికి తరచు అదే కారణం. పొడిగుడ్డతోనో, పెన్సిల్ రాత చెరిపే రబ్బరుతోనో మెల్లగా తుడిస్తే చాలు. ఆయుధపూజ నాడు రేడియోకు బొట్టు పెట్టే ఆచారం ఉన్నవారు ఆ పసుపు కుంకుమలు బిళ్లలకు అంటకుండా పైభాగాన పెట్టడం మేలు. చార్జింగ్ సమయంలో రేడియోను ఆపివేయాలి. ఎండలోంచి తెచ్చిన వేడి బ్యాటరీని, తడిసిన బ్యాటరీని వెంటనే చార్జర్‌లో పెట్టకూడదు. విడి బ్యాటరీని తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకోకూడదు. లోహం రెండు బిళ్లలనూ కలిపితే నిప్పు పుట్టగలదు. ఉబ్బిన బ్యాటరీని నొక్కి చూడటం, గుచ్చడం ప్రాణాపాయం. దానిని విడిగా, మండే వస్తువులకు దూరంగా ఉంచి, సేకరణ కేంద్రానికి అప్పగించాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీని ఇంటి చెత్తతో కలపకూడదు.

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేశాకే చార్జ్ చేయాలన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. లిథియం అయాన్‌కు వర్తించదు. నిండుగా నింపి నెలల తరబడి మూల పడేయడం కూడా లిథియంకు మంచిది కాదు. దీర్ఘకాలం నిలవ ఉంచేటప్పుడు సగం చార్జింగుతో చల్లని పొడి చోట ఉంచి, మూడు నెలలకు ఒకసారి చూసుకోవాలి.

ఇక అమరికలు. ఒకే బ్యాటరీ ఒకరి చేతిలో 10 గంటలు, మరొకరి చేతిలో 4 గంటలు నిలవడానికి కారణం ఇక్కడే ఉంది. ఒక ఉదాహరణ లెక్క చూడవచ్చు. ఒక రేడియో 5 వాట్ల శక్తితో మాట్లాడేటప్పుడు 1500 మిల్లీ ఆంపియర్లు, వినేటప్పుడు 300, మౌనంగా వేచి ఉన్నప్పుడు 60 తీసుకుంటుందని అనుకుంటే, బ్యాటరీ నిలవ 1500 మిల్లీ ఆంపియర్ అవర్. తయారీదారులు సాధారణంగా 5 శాతం మాట, 5 శాతం వినికిడి, 90 శాతం మౌనం అన్న లెక్కతో సమయాన్ని ప్రకటిస్తారు. ఆ లెక్కన సగటు ఖర్చు 144, నిలిచే కాలం సుమారు 10 గంటల 25 నిమిషాలు. తుపాను రాత్రి ఎవరూ ఆ లెక్కన మాట్లాడరు. మాట 20 శాతానికి, వినికిడి 10 శాతానికి పెరిగితే సగటు 372కు చేరుతుంది. అదే బ్యాటరీ 4 గంటలకే అయిపోతుంది. ఆరోగ్యం 80 శాతమైతే 3 గంటల 13 నిమిషాలు, 50 శాతమైతే 2 గంటలు. సాయంత్రం 7 గంటలకు మొదలైన విధి 9 గంటలకే మూగబోతుంది. తుపాను తీరం దాటడం ఇంకా మిగిలే ఉంటుంది.

కాబట్టి మొదటి అమరిక శక్తి స్థాయి. చాలా రేడియోల్లో అధికం, అల్పం అని రెండు స్థాయిలు ఉంటాయి; 5 వాట్లు, 1 వాటు సాధారణం. అల్ప స్థాయిలో మాట ఖర్చు 700 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుందనుకుంటే, పైన చెప్పిన రద్దీలోనే సగటు 212 అవుతుంది, బ్యాటరీ 4 గంటలకు బదులు 7 గంటలు నిలుస్తుంది. శక్తిని 5 రెట్లు పెంచితే దూరం 5 రెట్లు పెరుగుతుందని అనుకోవడం పొరపాటు. ఏ అడ్డూ లేని మైదానంలో సైతం అది సుమారు 2.2 రెట్లే పెరుగుతుంది. ఇళ్ల నడుమ పెరుగుదల అంతకన్నా తక్కువ. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు సేవకులకు 1 వాటు చాలు. అది సరిపోనప్పుడే అధిక స్థాయికి మారాలి.

అంతకన్నా ముందు ఎత్తు చూసుకోవాలి. రేడియో తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. యాంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దాని దిగంతం వస్తుంది. నేల మీద నిలబడినవారి యాంటెనా 1.5 మీటర్ల ఎత్తున ఉంటే 5 కిలోమీటర్లు. 16 మీటర్ల ఎత్తైన మేడ మీద ఉంటే 16.5 కిలోమీటర్లు. మేడ మీది యాంటెనాకూ నేల మీది మనిషికీ కలిపి సిద్ధాంతరీత్యా 21 కిలోమీటర్లు పైగా. ఇళ్లు, చెట్లు దీనిని బాగా తగ్గిస్తాయి. అయినా గల్లీలో నిలబడి అరిచేవారి కన్నా మేడ మెట్లెక్కినవారి మాట దూరం పోతుంది. గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు పైకప్పు మీదికి వెళ్లడం మాత్రం కూడదు. పై అంతస్తులో కిటికీ పక్కన నిలబడినా ప్రయోజనం ఉంటుంది. యాంటెనాను నిట్టనిలువుగా పట్టుకోవాలి, చేత్తో మూయకూడదు. యాంటెనా విప్పి ఉండగా బటన్ నొక్కితే ప్రసార భాగం దెబ్బతినవచ్చు.

రెండవది స్క్వెల్చ్. ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే హోరును అణచే తలుపు ఇది. తలుపును మరీ బిగిస్తే దూరపు బలహీన స్వరం కూడా బయటే ఆగిపోతుంది; మరీ వదిలితే హోరు చెవులనూ బ్యాటరీనీ తినేస్తుంది. హోరు ఆగిపోయే స్థాయికి తెచ్చి అక్కడే ఉంచడం సరైన పద్ధతి. సందేశం ముక్కలుగా వినబడుతుంటే ఒక మెట్టు తగ్గించాలి.

మూడవది టోన్. ఒకే చానెల్‌ను వేరువేరు బృందాలు వాడేటప్పుడు తమ బృందం మాటే వినబడేలా 67 హెర్ట్జ్ మొదలుకొని ఉండే ఒక సన్నని ధ్వనిని మాటతో కలిపి పంపుతారు. ఇద్దరి టోన్లు కలవకపోతే కనిపించే లక్షణం స్పష్టమైనది. అవతలివారు మాట్లాడుతుండగా రేడియో మీద స్వీకరణ దీపం వెలుగుతుంది, కాని స్వరం రాదు. ఇటువంటి సమయంలో రేడియో చెడిపోయిందని పక్కన పెట్టేవారే ఎక్కువ. మానిటర్ బటన్ నొక్కగానే స్వరం వినబడితే లోపం టోన్ అమరికలో ఉన్నట్టు. మరొక విషయం: టోన్ పెట్టుకున్నంత మాత్రాన మాట రహస్యం కాదు. టోన్ లేని రేడియో ఆ చానెల్ మీద అంతా వినగలదు. కనుక రోగుల వివరాలు, ఇంటి చిరునామాలు అవసరమైనంత మేరకే చెప్పాలి.

నాలుగవది బ్యాటరీ పొదుపు. ఇది ఆన్‌లో ఉంటే రేడియో కొద్ది కొద్ది విరామాలతో కునుకు తీస్తూ, మేలుకుంటూ చానెల్‌ను గమనిస్తుంది. ఖర్చు బాగా తగ్గుతుంది. అందుకు చెల్లించే వెల ఒకటుంది: మేలుకునే లోపు మొదటి అక్షరం పోతుంది. 'వద్దు, రావచ్చు' అన్న మాటలో 'వద్దు' పోతే మిగిలేది ఏమిటో చెప్పనక్కరలేదు. అందుకే బటన్ నొక్కిన తరువాత ఒక సెకను ఆగి మాట మొదలుపెట్టాలి. ఈ అలవాటు ఉన్న బృందం పొదుపును నిశ్చింతగా ఆన్‌లో ఉంచుకోవచ్చు.

ఐదవది కాలపరిమితి. ఒకరు బటన్‌ను ఆపకుండా నొక్కి ఉంచితే చానెల్ మొత్తం ఆగిపోతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు నడుముకున్న రేడియో బటన్ నొక్కుకుపోవడం కొత్త విషయం కాదు. 60 సెకన్ల పరిమితి పెడితే ప్రసారం దానంతట అదే ఆగుతుంది. గొంతు వినగానే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ సదుపాయాన్ని తుపాను వేళ ఆపివేయాలి, లేకపోతే గాలి హోరే మాటగా భావించి రేడియో అదే పనిగా ప్రసారం చేస్తుంది. అవసరం లేని స్కానింగును ఆపాలి. మీటల తాళాన్ని వేయాలి, చీకట్లో పొరపాటున చానెల్ మారకుండా ఉంటుంది.

చానెల్ పౌనఃపున్యాలను మార్చడం మాత్రం సేవకుల పని కాదు. మన దేశంలో రేడియో ప్రసారానికి 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ అనుమతి అవసరం. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఆ అనుమతులను ఇస్తుంది. 2018 నాటి నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, నిర్దేశించిన అల్ప శక్తితో పనిచేసే ఆమోదిత రేడియోలకు మాత్రం లైసెన్సు మినహాయింపు ఉంది. బజారులో చవకగా దొరికే ప్రతి వాకీ-టాకీ ఆ కోవలోకి రాదు. అనుమతి లేని పౌనఃపున్యంలో మాట్లాడితే చట్టం మాట అటుంచి, అదే క్షణాన పోలీసు, అగ్నిమాపక, రక్షణ సిబ్బంది మాటకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

బరంపురంలో మరొక అమరిక కావాలి. అది రేడియోలో లేదు, నోటిలో ఉంది. ఇక్కడి కంట్రోల్ రూములో ఒడియా వినబడుతుంది, మత్స్యకారుల వాడల్లో తెలుగు వినబడుతుంది, బయటి నుంచి వచ్చిన రక్షణ దళాలు హిందీ మాట్లాడతాయి. హోరు నడుమ తెలుగులో 'మూడు', 'ఏడు' ఒకదానికొకటి దగ్గరగా వినిపిస్తాయి. 'ఆరు', 'నూరు' కూడా అంతే. ఆరుగురికి అన్నం పంపడం వేరు, నూరుగురికి పంపడం వేరు. అందుకే అంకెలను విడివిడిగా పలకాలి: నూరును 'ఒకటి, సున్నా, సున్నా' అని. విన్నవారు విన్నదానిని తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పని సందేశాన్ని అందని సందేశంగానే లెక్కించాలి. ఏ భాషలో మాట్లాడాలన్నది ముందుగానే కుదుర్చుకుంటే ఒక్కో సందేశానికి సగం సమయం, సగం బ్యాటరీ మిగులుతాయి.

ఇక వీటన్నిటికీ వేళ. బంగాళాఖాతంలో తుపానులు రెండు కాలాల్లో ఎక్కువ: వర్షాకాలానికి ముందు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా, తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2019 మే 3న పూరీ వద్ద తీరం దాటిన ఫణి మొదటి కాలానిది. కనుక ఉగాదికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి, ఏటా రెండుసార్లు బ్యాటరీ పరీక్షలు ముగించుకుంటే మంచిది. అప్పుడు పనికిరానివి తేలినా కొత్తవి తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఆయుధపూజ దాకా ఆగితే ఆలస్యం కావచ్చు; ఫైలిన్ అష్టమి నాడే వచ్చింది.

భారత వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను దశలవారీగా ఇస్తుంది. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. రేడియో పనులను ఈ మెట్లకే ముడిపెట్టవచ్చు. 72 గంటల సూచన రాగానే సగం చార్జింగుతో నిలవ ఉన్న బ్యాటరీలన్నిటినీ బయటికి తీసి, చానెల్, టోన్ సరిచూసి ప్రతి రేడియోతోనూ ఒక మాట మాట్లాడి చూడాలి. 48 గంటలకు అన్నిటినీ పూర్తిగా నింపాలి. 24 గంటలకు చార్జర్లను, వాహనంలోని 12 వోల్టుల అడాప్టర్లను తడవని చోటికి చేర్చి, రేడియోల పక్క రంధ్రాల రబ్బరు మూతలు బిగించి, పల్చని పాలిథిన్ సంచిలో పెట్టాలి. పాలిథిన్ తరంగాలను ఆపదు. బటన్‌ను సంచి పైనుంచే నొక్కవచ్చు.

చివరిగా ఒక నోటుపుస్తకం. ప్రతి బ్యాటరీకి ఒక సంఖ్య, దాని మీద చెరగని సిరాతో కొన్న నెల, సంవత్సరం. పుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా పరీక్ష తేదీ, నిలిచిన గంటలు, బటన్ పరీక్ష ఫలితం, చూసినవారి సంతకం. నిండినవాటికి పచ్చ రబ్బరు బ్యాండు, వాడేసినవాటికి ఎర్ర బ్యాండు వేస్తే చీకటి పడకముందే వరుసలు విడిపోతాయి. ఏటా రెండు రోజుల శ్రమ, ఒక 40 పేజీల పుస్తకం: ఖర్చు అంతే.

పాఠశాలలోని ఆ రాత్రికి తిరిగి వెళితే, కంట్రోల్ రూముకు చేరవలసిన సందేశం ఎంత? వార్డు సంఖ్య, పాఠశాల పేరు, 'ఒక గర్భిణి, నొప్పులు మొదలయ్యాయి, వాహనం కావాలి', అవతలివారు తిరిగి చెప్పిన మాట. అంతా కలిపి 15 సెకన్లు. చవితి నాడు ఎవరో ఒకరు గడియారం ముందు పెట్టుకుని ఆ బ్యాటరీని పరీక్షించి, దానికి ఎదురుగా పుస్తకంలో 'పనికిరాదు' అని రాసి ఉంటే, ఆ రాత్రి సేవకుడి చేతిలో మరొక బ్యాటరీ ఉండేది. ఆ 15 సెకన్లు దక్కేవి.

సెలవు.